పంపినవారి పేరు

కుప్పం నుంచి వచ్చిన పార్సిల్‌ను మునికృష్ణారెడ్డి టమోటా మండీలోనే విప్పేశాడు. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి చేతిలో ఒక్క పుస్తకమే మిగిలింది. తక్కినవన్నీ మండీలో పంచేశాడు.

స్వర్ణలత వంటింటి గడప దగ్గర కూర్చుని అనపకాయలు ఒలుస్తూ ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుని పుస్తకం అందుకుంది. సన్నటి పుస్తకం. అట్ట మీద మంచంలో కూర్చున్న గర్భిణి బొమ్మ, పైన 'నెలలు నిండే దాకా' అని ఎర్ర అక్షరాలు. కాగితం వాసన ఇంకా పోలేదు. లోపలి పేజీ తిప్పింది. 'తమిళం నుంచి తెలుగు: పి. మునికృష్ణారెడ్డి, మదనపల్లె' అని ఉంది.

ఆమె ఆ వాక్యం మీద బొటనవేలు పెట్టి అట్లాగే ఉండిపోయింది.

"సూడు, మన పేరు అచ్చులో పడింది" అన్నాడు మునికృష్ణ, చొక్కా గుండీలు విప్పుకుంటూ.

"మన పేరు యాడుండాది? నీ పేరు ఉండాది."

"నా పేరుంటే నీ పేరున్నట్టు కాదా?"

"కాదు" అంది స్వర్ణలత.

అతను నవ్వాడు. అత్త రెడ్డెమ్మ పెరటిలోంచి వస్తూ "ఏందిరా నవ్వుతాండావు?" అని అడిగింది. "ఏం లేదుమ్మా, పుస్తకం వచ్చింది" అంటూ అతను కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

స్వర్ణలత ఇంకో పేజీ తిప్పింది. 'కాళ్లకు నీరు దిగితే' అన్న మాట దగ్గర ఆగింది. తమిళంలో ఉన్న దాన్ని ఎట్లా చెప్పాలో తోచక, ఒకరోజు గిన్నెలు తోముతూ అత్తను అడిగిన మాట అది. "వాపు ఏందే, డాక్టర్ల మాదిరి! నీరు దిగింది అంటాము" అని చెప్పింది రెడ్డెమ్మ. ఆ మాట యథాతథంగా అచ్చయింది. ప్రతి పేజీలోనూ అట్లాంటి మాటలే. వంట అయ్యాక, అందరూ నడుం వాల్చాక, ముందు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటీ టైపు చేసింది. కుప్పం పక్కన పుట్టి, తమిళం మాటలు తెలుగు మాటలు కలిపి ఆడుకుంటూ పెరిగిన పిల్ల తను. కుప్పంలో పల్లెల కోసం ఆరోగ్య పుస్తకాలు వేసే సంస్థ వాళ్లు పనికి మనిషిని వెతుకుతున్నారని తెలిసి, తనే ఫోన్ చేసి అడిగి తెచ్చుకున్న పని.

అన్నం పెడుతూ అడిగింది.

"వాళ్లకు నీ పేరు ఎవరు సెప్పినారు?"

"నేను సెప్పలేదమ్మే, ఒట్టు. మెయిల్ నా పేరుతో పోతాది కదా, వాళ్లే ఏసుకున్నారు." చారు కలుపుకుంటూ అన్నాడు. "డైరెక్టర్ కుప్పుస్వామి గారు మండీకి పోన్ జేసినాడు. ఆదివారం కుప్పంలో మీటింగంట. పాము కరిస్తే ఏం జేయాలనే రెండో పుస్తకం ఉండాదే, అదీ ఆ పొద్దే ఇడుదల చేస్తారంట. నాకు శాలువా కప్పుతారంట."

"నీకా?"

"మరి?"

స్వర్ణలత గరిటె గిన్నెలో పెట్టేసింది. "మరి నువ్వేం సెప్పినావు?"

"వస్తానని సెప్పినా."

*

మరుసటి రోజు మునికృష్ణ మండీకి పోయాక కుప్పానికి ఫోన్ చేసింది. సంస్థలో పుస్తకాల పని చూసే పావని తీసింది. స్వర్ణలతతో ఆ అమ్మాయి ఫోన్‌లో మాట్లాడింది మొదట్లో ఒక్కసారే. తర్వాతంతా మెయిళ్లే.

"అక్కా, పని మీరే జేస్తాండారా! అయ్యో! మొదట్లో మీరు మాట్లాడినా, తర్వాత ప్రతి మెయిల్ మీదా పంపినవారు మునికృష్ణారెడ్డి అని వచ్చేది. సార్ జేస్తాండారేమో అనుకున్యా. కింద మీరు పేరు గూడా రాయరు కదక్కా."

నిజమే. కింద పేరు రాయాలని ఆమెకు తోచనే లేదు. ఫైలు మీద కుడివైపు బటన్ నొక్కడం, 'సెండ్ టు', ఆ తర్వాత 'మెయిల్ రిసిపియంట్'. కంప్యూటర్ అమ్మిన సుబ్రహ్మణ్యం నేర్పింది ఆ ఒక్క దారే. తెర మీద మెయిల్ కిటికీ ఒకటి తెరుచుకునేది. అడ్రసు కొట్టి పంపేసేది. ఆ కిటికీ ఎవరిదని ఎప్పుడూ చూడలేదు.

"రెండో పుస్తకం ఇంగా ప్రెస్సుకు పోలేదక్కా. చివరి ఫైలు మీ సొంత మెయిల్ నుంచి పంపండి. మీ పేరు ఏసేస్తా."

సొంత మెయిల్ అడ్రసు తెరవడం కష్టం కాలేదు. కష్టమంతా ఆ తర్వాత మొదలైంది. ఫైలు మీద నొక్కి 'సెండ్ టు' అంటే మళ్లీ మునికృష్ణ కిటికీయే తెరుచుకుంది. పంపినవారి చోట అతని పేరే. మూసి మళ్లీ తెరిచినా అదే. సుబ్రహ్మణ్యం కొట్టుకు ఫోన్ చేసింది.

"అది డిఫాల్ట్ అక్కా" అన్నాడతను. "అంటే, కంప్యూటర్‌లో మెయిల్ అనే మాట యాడొచ్చినా తనంతట తాను తెరుచుకునే ప్రోగ్రాం. సార్ పేరున పెట్టిండాము. మార్చచ్చు. సార్‌తో ఒక మాట సెప్పించక్కా, వచ్చి మార్చేస్తా."

"నేను సెప్తాండాను కదా?"

"అది కాదక్కా. కంప్యూటర్ సార్‌ది కదా. రేపు ఏమన్నా అయితే నన్ను అడుగుతాడు."

"వాడేది ఎవరో నీకు తెలీదా?"

స్వర్ణలత ఫోన్ పెట్టేసింది.

కంప్యూటర్ పత్రిక కొన్నప్పుడు ఉచితంగా వచ్చిన సీడీ ఒకటి మేజా బల్ల సొరుగులో ఉంది. అందులో వేరే మెయిల్ ప్రోగ్రాం ఉంది. దాన్ని ఎక్కించింది. ప్రశ్నల పెట్టెలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. అర్థం కాని ప్రతి ఇంగ్లీషు మాటనూ డిక్షనరీలో చూసుకుంటూ నింపింది. ఒక పెట్టెలో 'మీ పేరు' అని ఉండి, పక్కన సన్నటి గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. అందులో తన పేరు కొట్టింది. మొదటిసారి తప్పు పడింది. చెరిపి మళ్లీ కొట్టింది. చివర్లో 'దీన్ని మీ డిఫాల్ట్ మెయిల్ ప్రోగ్రాంగా చేయమంటారా?' అని అడిగింది. అవునని నొక్కింది.

ఫోన్ లైను మీదే నెట్ కలవడానికి మోడెమ్ ఈల వేస్తూ కీచుమంటూ ఉంటే రెడ్డెమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమ్మే, పోన్ ఎప్పుడు ఇడుస్తావు? పుంగనూరులో మా యక్క ఎదురుసూస్తా ఉంటాది."

"ఒక్క గడియ అత్తా."

"ఆ పెట్టెకు ఏం పెట్టినాడో నా కొడుకు, ఇంట్లో పోన్ మోగేదే మానేసింది."

స్వర్ణలత ఫైలు మీద నొక్కింది. 'సెండ్ టు' అంది. కొత్త కిటికీ తెరుచుకుంది. పంపినవారి చోట ఎన్. స్వర్ణలత. పెళ్లికి ముందు పుట్టింటి అక్షరంతో రాసుకున్న పేరది. చేయి తనంతట తానే అట్లా కొట్టింది. దిద్దలేదు. పుస్తకం సగం దాకా ఉన్న ఫైలును పంపి, అది వెళ్లేదాకా కళ్లు తిప్పకుండా చూసింది.

*

చివరి ఫైలు పూర్తయ్యేసరికి మరో రోజు పట్టింది. పాము కరిచిన చోట కొరివితో కాల్చకూడదు, కత్తితో కోయకూడదు, నోటితో పీల్చకూడదు, కరిచిన మనిషిని నడిపించకూడదు. ఒక్కో వాక్యాన్నీ పైకి చదివి చూసుకుంది. చదివితే వేరుశెనగ చేనులో కలుపు తీసే మనిషికి వినిపించాలి. పొయ్యి మీద పప్పు పొంగుతూ ఉంటే పరిగెత్తి దించి వచ్చి, ఫైలు మీద నొక్కి పంపేసింది. కిటికీని చూడలేదు.

సాయంత్రం పావని ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కా, చివరి ఫైలు మళ్లీ సార్ పేరున వచ్చింది. నిన్న సగం మీ పేరున, ఈ పొద్దు మొత్తం సార్ పేరున. డైరెక్టర్ గారు రెండూ సూసినారు. 'ఆమె ఏదో టైపు జేసి ఉంటుంది, పని రెడ్డిగారిదే, మొదటి పుస్తకంలో ఎట్లుందో అట్లే ఏయి' అన్నారు."

స్వర్ణలత ఫోన్ పెట్టేసి కంప్యూటర్ తెరిచింది. కంట్రోల్ ప్యానెల్‌లో, ఇంటర్నెట్ ఆప్షన్లలో, ప్రోగ్రాంలు అన్న చోట వెతికింది. ఈ-మెయిల్ అన్న గీత పక్కన మళ్లీ పాత ప్రోగ్రామే వచ్చి కూర్చుంది. తనదాన్ని ఎంచుకుని సరే నొక్కింది. మూసి, కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి చూసింది. తనదే ఉంది. ఫైలు మీద నొక్కి చూసింది. తన కిటికీయే. అయితే దీన్ని మార్చేది కంప్యూటర్ కాదు.

తెల్లవారి మునికృష్ణ కాఫీకి ముందే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చెన్నై పార్టీల మెయిళ్లు, విత్తనాల కంపెనీ మెయిళ్లు చూసుకుని గానీ మండీకి పోడు. స్వర్ణలత కాఫీ గ్లాసు పట్టుకుని అతని కుర్చీ వెనక నిలబడింది. అతని ప్రోగ్రాం తెరుచుకుంది. వెంటనే మధ్యలో చిన్న పెట్టె ఒకటి లేచింది. అతని చేయి మౌస్ మీద నుంచి కదలనన్నా కదలలేదు. టక్కుమని నొక్కాడు. పెట్టె పోయింది.

"ఏందది?"

"యాది?"

"ఇప్పుడు నొక్కినావే, అది."

"ఏమో. రెండు మూడు దినాల్నుంచి పొద్దున్నే అడుగుతాండాది. ఎస్ అంటే పోతాది."

"ఏమడుగుతాండాదో సదివినావా?"

"అది అడగడం, నేను ఎస్ అనడం. సదివేదేముండాది?"

స్వర్ణలత కాఫీ గ్లాసును కీబోర్డు పక్కన గట్టిగా పెట్టింది. నాలుగు చుక్కలు బల్ల మీద చిందాయి. "నేను నీ డిఫాల్ట్ కాదు, మళ్లీ నన్నే పెట్టమంటావా అని నీ ప్రోగ్రాం అడుగుతాండాది. నువ్వు సదవకుండానే పెట్టు అంటాండావు. నేను మధ్యాన్నమంతా కూర్చోని మార్చింది నువ్వు పొద్దున్నే ఒక్క ఏలితో తుడిచేస్తాండావు."

అతను తల తిప్పి చూశాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "యాల మార్చినావు?"

"నా పని నా పేరుతో పోవాలని."

"ఇల్లు ఒకటి, కంప్యూటర్ ఒకటి. పేరు ఒకటుంటే సాలదా?"

"సాలదు."

"ఇప్పుడు నేనేం ఎత్తకపోయినానని? దుడ్డు తిన్నానా?"

"పేరు తిన్నావు."

మునికృష్ణ లేచాడు. కాఫీ ముట్టుకోకుండానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వసారాలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్న రెడ్డెమ్మ తల ఎత్తలేదు. చాలాసేపటికి "కాఫీ సల్లారిపోతాండాది, నువ్వన్నా తాగు" అని మాత్రం అంది.

*

డైరెక్టర్ కుప్పుస్వామి గొంతు మెత్తగా ఉంటుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ అవునవునన్నట్టు తమిళంలో 'ఆమా, ఆమా' అంటూనే ఉంటాడు. ఫోన్‌లో స్వర్ణలత చెప్పిందంతా విన్నాడు.

"మీరు చెప్పేది నేను కాదనడం లేదమ్మా. కానీ మా దగ్గర ఉన్న మెయిళ్లన్నీ రెడ్డిగారివి. ఆహ్వానపత్రాల్లో కూడా ఆయన పేరే అచ్చయింది. మీ మాట మీద మార్చేస్తే రేపు ఆయన బాధపడితే? ఇది ఇంటి విషయం. ఒక పని చేయండి. పని మా ఆవిడ చేసింది అని సార్ మెయిల్ నుంచి రెండు వాక్యాలు పంపించండి. వెంటనే మార్చేస్తాను."

"ఆయన సెప్తేనే నేను జేసినట్టా సార్?"

"అట్లా కాదమ్మా. పద్ధతి కోసం."

ఫోన్ పెట్టేశాక కంప్యూటర్ ముందు కూర్చుంది. పొద్దున మునికృష్ణ నొక్కి పోయాడు కదా, మార్చనవసరం లేదు. కొత్త మెయిల్ అంటే చాలు, అతని కిటికీయే తెరుచుకుంది. పంపినవారి చోట మునికృష్ణారెడ్డి. ఈ కంప్యూటర్‌కు తాళం లేదు. ఈ పేరు కింద ఎవరు కూర్చుని కొడుతున్నారో కుప్పంలో ఎవరికీ తెలియదు. ఇన్ని నెలలూ తెలియలేదు కదా.

కొట్టింది. 'గౌరవనీయులైన డైరెక్టర్ గారికి, ఈ రెండు పుస్తకాలనూ నా భార్య స్వర్ణలత' అనే దాకా వచ్చింది. 'నా భార్య' అన్న మాట తన వేళ్ల కిందనుంచి రావడం చూసి చేయి వెనక్కి తీసుకుంది. పంపితే పని అయిపోతుంది. పేరు పడుతుంది. కానీ అది అతని చేవ్రాలు తను పెట్టి తెచ్చుకున్న పేరవుతుంది.

రెడ్డెమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆమెకు చదవడం రాదు. తెర మీది అక్షరాల వైపు చూసి, కోడలి ముఖం వైపు చూసింది.

"ఎవరికమ్మే రాస్తాండావు?"

"నీ కొడుకు రాసినట్టు నేను రాస్తాండాను అత్తా. కుప్పమాయనకు అట్లయితేనే నమ్మకమంట."

"వాడొచ్చినాక వాడితోనే రాపిచ్చరాదా?"

"రాపిచ్చను. ఆయప్ప సెప్తే గానీ నేను జేసిండే పని నాది కాదా?"

"నన్నడిగితే నేనేం సెప్తానే" అంటూ రెడ్డెమ్మ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. పోకుండా అక్కడే కూర్చుంది.

స్వర్ణలత కొట్టిన అక్షరాలను వెనక్కి ఒక్కొక్కటిగా చెరిపింది. ఆ కిటికీ మూసేసింది. తన ప్రోగ్రాం తెరిచింది. ఈసారి ఎక్కడా ఆగకుండా రాసింది.

'నెలలు నిండే దాకా పుస్తకాన్ని తెలుగు చేసింది నేను. పాముకాటు పుస్తకాన్ని తెలుగు చేసిందీ నేనే. ఇది నిజమని నా భర్త దగ్గర్నుంచి కాగితం తేను. మీకు అది కావాలంటే రెండో పుస్తకం అచ్చు వేయకండి. నా తెలుగును వెనక్కి తీసుకుంటాను. పని నాది కాదనుకుంటే, వేరే ఎవరితోనైనా మళ్లీ చేయించుకోండి.'

"ఏం రాసినావు?" అంది రెడ్డెమ్మ.

చదివి వినిపించింది. చివరి మాటకు రెడ్డెమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. "పోతే పనంతా పోతాదేమోనే!"

"పోనీలే అత్తా."

పంపేసింది.

*

ఆ రోజు మునికృష్ణ మండీ నుంచి ఆలస్యంగా వచ్చాడు. భోజనం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉన్నాడు. పొద్దుటి కోపం పూర్తిగా పోలేదు గానీ దాని మీద ఇంకేదో వచ్చి కూర్చుంది.

"కలికిరి నుంచి సరుకు తెచ్చే దొరస్వామి లేడూ, వాడి కోడలికి నెలలు. పుస్తకం సూసినాడంట. కాళ్లకే కాదు, మొగానికీ చేతులకూ గూడా నీరు దిగింది, ఏం జేయాలన్నా అని అడిగినాడు."

స్వర్ణలత చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టేసింది. "నువ్వేం సెప్పినావు?"

"ఇంటికి పోయి సూసి సెప్తానన్యా."

"ఇంటికొచ్చి సూసేదేంది? ఆ పిల్లను ఈ పొద్దే ఆస్పత్రికి తీసకపోవాల. రేపటిదాకా ఆగేది కాదు. లెయ్, పోన్ జెయ్ వాడికి."

అతను ఎంగిలి చేత్తోనే లేచాడు. ఎడమ చేత్తో నంబరు తిప్పి దొరస్వామికి ఉన్నదున్నట్టు చెప్పాడు. 'తలనొప్పి, కళ్లు మసకలు ఉండాయేమో అడుగు' అని ఆమె పక్కనుంచి అందించింది. అతను అడిగాడు. ఉన్నాయన్నారు. "అయితే యాడా ఆగొద్దప్పా, ఇప్పుడే బండెక్కండి" అన్నాడు.

మళ్లీ వచ్చి కూర్చున్నాక అన్నం ముట్టుకోలేదు.

"నా పేరు సూసి అడిగినాడు" అన్నాడు నెమ్మదిగా.

"అవును."

"నాకు తెలీదని సెప్పేదానికి సిగ్గేసింది."

స్వర్ణలత మజ్జిగ పోసింది. ఆమెకు అతన్ని ఓదార్చాలని అనిపించలేదు. నాలుగు మాటలు అనాలనీ అనిపించలేదు.

మరునాడు పొద్దున అతను కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆమె వంటింట్లోనే ఉంది. ప్రోగ్రాం తెరుచుకున్న చప్పుడు వినిపించింది. టక్కుమన్న నొక్కుడు మాత్రం వినిపించలేదు. కాసేపటికి అతని గొంతు ఒక్కో ఇంగ్లీషు మాటనూ కూడబలుక్కుంటూ చదవడం వినిపించింది.

"ఏమ్మే! నో అంటే నా మెయిళ్లన్నీ పోతాయా?"

"పోవు. నీవి నీకుంటాయి."

"మరి నీవి?"

"నావి నాకుంటాయి."

టక్కుమంది.

ఫోన్ మోగింది ఆ తర్వాతే. అతనే తీశాడు. కుప్పుస్వామి. స్వర్ణలత తడి చేతులతో గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. అవతలి నుంచి ఆ మెత్తటి గొంతు చాలాసేపు మాట్లాడింది. మునికృష్ణ 'ఊ' కొడుతూ విన్నాడు. ఒకసారి భార్య వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"లేదు సార్" అన్నాడు చివరికి. "నేను సర్ది సెప్పేదేమీ లేదు. ఆ పుస్తకాలు నాకు తెలీవు. మీరు పోన్ జేయాల్సింది నాకు కాదు. ఈడే ఉండాది, మాట్లాడండి."

రిసీవర్‌ను ఆమె చేతికిచ్చి వసారాలోకి పోయాడు.

"అమ్మా, మెయిల్ చూశాను" అన్నాడు కుప్పుస్వామి. "వానలు మొదలయ్యాయి. పుస్తకం ఇప్పుడు పల్లెలకు చేరకపోతే లాభం లేదు. మళ్లీ చేయించే టైం లేదు. మీ పేరు వేస్తాం."

"రెండింటిలోనూ సార్."

"మొదటిది అచ్చయిపోయింది కదమ్మా?"

"మీ దగ్గర మిగిలినవాటి మీద నా పేరు చీటీ అంటించండి."

"సరే. శాలువా మీకే కప్పిస్తాం."

"నాకు శాలువా వద్దు సార్. పుస్తకం తీసకపోయే ఆడోళ్లతో మాట్లాడాల. వాళ్లకు అర్థమైతాండాదో లేదో తెలుసుకోవాల. దానికి టైమివ్వండి."

*

ఆదివారం ముగ్గురూ బస్సెక్కారు. రెడ్డెమ్మ అక్కను చూడాలని పుంగనూరులో దిగింది. బస్సు ఆగిన ఆ కాసేపట్లో పాల క్యాన్లు దించుకుంటున్న ఒకాయన మునికృష్ణను చూసి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"రెడ్డీ, పుస్తకం రాసినావంట కదప్పా! మా బామ్మర్ది తెచ్చి సూపిచ్చినాడు."

మునికృష్ణ కిటికీ ఊచ పట్టుకుని రోడ్డు వైపు చూశాడు. స్వర్ణలత అతని తరఫున ఏమీ అనలేదు. ఎదురు సీటు కమ్మీ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"నేను కాదప్పా. ఈమె" అన్నాడు.

"ఓహో!" అన్నాడాయన. క్యాన్లు ఎత్తుకుని పోయాడు. బస్సు పలమనేరు దాటింది. వెంకటగిరికోటలో మునికృష్ణ దిగి, వేయించిన శెనక్కాయలు కొనుక్కొచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

కుప్పంలో మీటింగు మామూలుగానే జరిగింది. పేరు చదివారు. చప్పట్లు కొట్టారు. మునికృష్ణ వెనక వరసలో కూర్చున్నాడు. తర్వాత పల్లెల నుంచి వచ్చిన ఆరోగ్య కార్యకర్తలు నలుగురైదుగురు స్వర్ణలత చుట్టూ చేరారు గానీ ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. బాగుందమ్మా, బాగుందమ్మా అన్నారు. ఆమె ఎంత గుచ్చి గుచ్చి అడిగినా అంతే. పుస్తకాల కట్టలు చంకన పెట్టుకుని బస్సుల కోసం పోయారు. తిరుగు దారిలో ఆమెకు ఏదో వెలితిగా ఉండింది.

ఆ వెలితి తీరింది తర్వాతి వారంలో. మధ్యాహ్నం మెయిల్ తెరిస్తే తెలియని అడ్రసు నుంచి ఒకటి ఉంది. వెంకటగిరికోట పక్క పల్లెల్లో నర్సుగా పనిచేసే గోవిందమ్మ, అక్కడి ఇంటర్నెట్ సెంటర్‌లో చెప్పి కొట్టించింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. స్వర్ణలత పెదాలు కదుపుతూ చదువుకుంది.

'స్వర్ణలత గారికి. మీ పుస్తకంలో ఒక తప్పు ఉండాది. కరిచిన చోటికి పైన కట్టు కట్టకూడదు అని రాసినారు. మా పక్క కట్టు అంటే మంత్రగాడు వేసే కట్టు. మంత్రగాడి దగ్గరికి పోవద్దన్నారని జనం అనుకున్నారు. మంచిదే. కానీ తాడు తీసుకుని కాలికి బిగించేది మాత్రం మానలేదు. నిన్న ఒక మనిషిని తెచ్చినారు. తాడు కట్టి కాలు నల్లగా అయిపోయింది. మనిషి బతికినాడు. కాలు ఏమైతాదో తెలీదు. మీరు రాసింది సదివినాము, తాడు వద్దని అందులో లేదు అని సెప్పినారు. మీరు యాల ఇట్లా రాసినారు?'

స్వర్ణలత మళ్లీ చదివింది. ఆ వాక్యం రాసిన రోజు పైకి చదివి చూసుకుంది కూడా. తన చెవికి బాగానే వినిపించింది. ఆ కాలు నల్లబడిన మనిషి ఎవరో, చేనులో కలుపు తీస్తూ ఉన్నాడో, నీళ్లు కడుతూ ఉన్నాడో. తన వాక్యాన్ని నమ్మాడు.

'తాడుతో గానీ, గుడ్డతో గానీ, దేనితోనైనా సరే కాలు బిగించొద్దు' అని కాగితం మీద రాసింది. కొట్టేసింది. 'కరిచిన చోటికి పైన ఏదీ బిగించొద్దు. తాడు వద్దు. గుడ్డ వద్దు' అని రాసింది. వసారాలోకి పోయి రెడ్డెమ్మకు చదివి వినిపించి, ఏం అర్థమైందని అడిగింది. ఆమె చెప్పిందాకా ఊరుకోలేదు. తర్వాత గోవిందమ్మకు జవాబు రాసింది. పావనికి ఫోన్ చేసి, పంచని పుస్తకాలు ఒక్కటి కూడా కదలనివ్వద్దని, పంచినవి ఏ ఊళ్లకు పోయాయో కనుక్కోమని చెప్పింది.

"డైరెక్టర్ గారికి ఏం చెప్పాలక్కా?"

"నేను వచ్చి సెప్తాను."

మర్నాడు పొద్దున్నే మునికృష్ణ మండీకి బయల్దేరుతూ ఉంటే ఆమె అప్పటికే చీర మార్చుకుని, సంచిలో నల్ల సిరా పెన్నులు నాలుగు వేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది.

"యాడికి?"

"వెంకటగిరికోటకు పోయి, ఆడ్నుంచి పల్లెలకు. పుస్తకంలో తప్పు పడింది. ఇల్లిల్లూ తిరిగి దిద్దాల."

"ఎవరిది తప్పు? ప్రెస్సోళ్లదా?"

"కాదు" అంది స్వర్ణలత, సంచి భుజాన వేసుకుంటూ. "నాది."